నెత్తురు సరే, నవ్వు ఎవరి మీద?

ఉద్యమ పత్రికల దయ్యాల సినిమా ముచ్చటేందని కొందరు మిత్రులు అడుగుతరు. అడగనీయండి. సినిమాల ఎవరిని చూసి నవ్వాలె అనే పంచాయితీ మనకు కొత్తది కాదు. ఏండ్ల తరబడి తెలుగు సినిమాల మన యాస ఎక్కువగా రౌడీ నోట్లనో, జోకరు నోట్లనో వినపడ్డది. 2023ల 'బలగం' వచ్చి ఇంటిల్లిపాది మన మాటే మాట్లాడే సరికి పెద్ద మనుషులు సుత హాల్ల ఏడ్చిన్రంటే ఊరికెనే కాదు. అందుకే ఏ సినిమా కడుపుబ్బ నవ్వించినా, ఆ నవ్వు ఎవరి మీద పడ్డదో మేము ముందు చూస్తం.

మొన్న నలుగురం కూచొని 'బ్రెయిన్‌డెడ్' మళ్లొకసారి చూసినం. 1992ల వచ్చిన న్యూజిలాండ్ జాంబీ సినిమా. తీసింది పీటర్ జాక్సన్. తర్వాత 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తీసి, దాని మూడో భాగానికి 2004ల 11 ఆస్కార్లు తెచ్చిన మనిషే. అప్పటికి ఆయనకు అంత పేరు లేదు. వెల్లింగ్టన్‌ల ఒక దినపత్రికల నౌకరి చేసుకుంట, సెలవు దినాలల్ల సోపతిగాళ్లను వెంటేసుకొని నాలుగేండ్లు తీసిన 'బ్యాడ్ టేస్ట్' (1987)తోటి తెరమీదికి వచ్చిండు. ఆ సినిమాల మాస్కులు కాల్చింది వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌ల. 'బ్రెయిన్‌డెడ్'కు అయిన ఖర్చు సుమారు 30 లక్షల న్యూజిలాండ్ డాలర్లు. హాలీవుడ్ లెక్కల చిల్లర పైసలు.

కథ 1957ల వెల్లింగ్టన్‌ల నడుస్తది. లయొనెల్ అనే పిల్లగాడు, అమ్మ గీసిన గీత దాటనోడు. అమ్మ వెరాకు నలుగుర్ల పరువు తప్ప ఇంకోటి పట్టదు. కొడుకు పకీటా అనే పిల్లతోని జూకు పోతే వెనకాలే పోయి నక్కి చూస్తది. బోన్ల ఉన్న ఎలుకకోతి కరుస్తది. ఇగ ఆమె బతికుండంగనే కుళ్లుడు మొదలు.

అప్పుడే సంఘం పెద్దలైన దంపతులు భోజనానికి వస్తరు. ఊడొచ్చిన అమ్మ చెంప తోలును కొడుకు గోందుతోటి అతికిస్తడు. కురుపు పగిలి చుట్టపాయన కస్టర్డ్ గిన్నెల చీము పడ్తది. ఆయన చూడడు, మస్తుగున్నదని తింటడు. ఆఖరికి ఆమె చెవే ఊడి ఆమె గిన్నెల పడ్తది, దాన్నీ నములుతది. మా పక్కనున్నాయన లేచి బయటికి పోయిండు గని, తలుపు దగ్గర నిలబడి నవ్వుతనే ఉన్నడు. రోతకు నవ్వొచ్చేటట్టయితే పుండు చూసిన ప్రతిసారి నవ్వాలె. ఇక్కడ నవ్వొచ్చింది ఆ బల్ల కాడ ఎవ్వరూ మర్యాద విడువనందుకు. చెవి ఊడినా చెంచా పట్టుకునే తీరు మారలేదు. పడాల్సిన చోటనే పడ్డది దెబ్బ.

చచ్చి లేచినోళ్లను లయొనెల్ నేలమాళిగల దాస్తడు. మత్తు సూదులిచ్చి, బల్ల చుట్టు కూచోబెట్టి, చెంచాతోని అన్నం పెడ్తడు. ఇంటి గుట్టు వాడకు తెలువొద్దు కద! అంతల లెస్ అనే చుట్టం దిగుతడు. గుట్టు పట్టుకొని బెదిరించి, ఆస్తి గుంజుకొని, అదే ఇంట్ల దావతు పెడ్తడు. ఇసొంటి చుట్టాలను మనం బాగనే ఎరుగుదుం.

ఆ దావతు కాడ జరిగేదే ఈ సినిమాకు పేరు తెచ్చింది. లయొనెల్ గడ్డి కోసే మిషను ఎదకు కట్టుకొని జాంబీల గుంపులకు పోతడు. ఆ ఒక్క సీనుకే 300 లీటర్ల రంగు నెత్తురు పోసిన్రని చెప్తరు. ఆ రక్తమాంసాల పనితనమంత రిచర్డ్ టేలర్ బృందానిది. నిజం చెప్పాలంటే దావతు ఎక్కువసేపు సాగింది. అమ్మ ఇంటంత ఎత్తు రాక్షసై లేచేటప్పటికి మేము నవ్వుడు బంద్ చేసి, ఇంత చాకిరీ ఎట్ల చేసిన్రా అని చూసుకుంట కూచున్నం.

నెత్తురు మేము తెరమీదనే చూసినోళ్లం కాదు. ఉద్యమంల లాఠీ కింద పగిలిన తలలకు రుమాళ్లు కట్టినోళ్లం. మరి ఎట్ల నవ్వినమని మమ్ముల మేమే అడుక్కున్నం. ఈ సినిమాల నెత్తురు ఎవరి మగతనాన్నీ పెంచదు. లయొనెల్ అది పూసుకొని మీసం దువ్వడు, అందుల కాలు జారి పడ్తడు. 'సమరసింహారెడ్డి' (1999) తర్వాత వరుసగ వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలల్ల పేరు లేనోళ్లు గుంపులుగ నరికించుకుంటే హాలు ఈలలేసింది. మాకు భయమయ్యేది ఆ నెత్తురే. 2021ల 'జాంబీ రెడ్డి'ల ప్రశాంత్ వర్మ జాంబీలను తెచ్చి కర్నూలు ఫ్యాక్షన్ల వదిలిండు. ఆలోచన మంచిది. గని హీరోను హీరోగ నిలబెట్టే తొందర దాన్నీ విడువలేదు.

ఒక్కటి మాత్రం మాకు మింగుడు పడలేదు. 'బ్రెయిన్‌డెడ్' మొదట్లనే ఒక దీవి వస్తది. ఎలుకకోతిని పట్టుకపోవటానికి వచ్చిన జూ ఉద్యోగిని అది గీరుతది. గీరిన చోటల్ల వెంట ఉన్నోళ్లు నరుకుతరు. ముందు చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి, ఆఖరికి నుదుటి మీద గీరిన జాడ కనపడ్తది. ఆ కొలత చూస్తే నవ్వు ఆగదు. కాని ఆ దీవి జనానికి బల్లేలు, అరుపులు తప్ప పేరు లేదు, మాట లేదు. పాత 'కింగ్ కాంగ్' (1933)ను గుర్తు చేసేటందుకు అట్ల తీసిన్రంటరు. కావొచ్చు. తన వాడకట్టుల పరదాల కుచ్చులు సుత పట్టి చూపిన దర్శకునికి పరాయి దీవి జనంల ఒక్క మనిషి కనపడలేదు. మేమూ నవ్వినం, నవ్వినంక ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

చూడదలచిన హాస్టల్ మిత్రులు అన్నం తిన్నంక వెంటనే చూడకండి. 104 నిమిషాల పూర్తి సినిమానే వెతుక్కోండి. అమెరికాల దీనికి 'డెడ్ అలైవ్' అని పేరు మార్చిన్రు. అందుల 85 నిమిషాలకు కోసింది ఒకటున్నది. దాంట్ల నెత్తురు తగ్గించిన్రు, దాంతోనే నవ్వూ పోయింది.