ముగ్గు పోయకముందే వీధంతా ఒకచోట కూర్చుందాం

ఖమ్మం శివారులోని మన కొత్త లేఅవుట్‌లో ప్లాటు కొన్న ఇంటివాళ్ళందరికీ ఒక మాట.

మంచి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. ఇప్పటికే కొందరు మేస్త్రీలకు బయానా ఇచ్చారు, కొందరు సిద్ధాంతిగారి చేత ప్లాను గీయించుకున్నారు. ఎవరి ప్లాను వాళ్ళ దగ్గరే ఉంది. పక్కవాళ్ళ ప్లాను ఎవరూ చూడలేదు. ఈ కరపత్రం రాయడానికి కారణం అదే.

వాస్తు వద్దని చెప్పడానికి నేను రాలేదు. వెనకటి ఇల్లు వాస్తుకే కట్టాను, ఇక్కడ కట్టబోయేదీ వాస్తుకే. కానీ వెనకటి ఇంట్లో ఏం జరిగిందో మీరు వినాలి.

మా పాత వీధిలో ఇళ్ళన్నీ ఉత్తర ముఖం. ప్లాట్లు 150 గజాలవి. ఈశాన్యంలో బోరు వేయించి గృహప్రవేశం చేశాం. రెండేళ్ళు నీళ్ళు తేటగా వచ్చాయి. తర్వాత తూర్పు పక్క ప్లాటులో ఒకాయన ఇల్లు మొదలుపెట్టారు. ఆయన కూడా అక్షరం తప్పకుండా సిద్ధాంతి చెప్పినట్టే చేసి, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు తవ్వించారు. ఆయన వాయవ్యం అంటే మా ఈశాన్యం పక్కనే. ప్రహరీకి ఇవతల మా బోరు, అవతల ఆయన గుంత, మధ్యలో ఆరడుగులు. మరుసటి వానాకాలం నీళ్ళు వాసన వేశాయి. మా పాప కళ్ళు పచ్చబడ్డాయి. నీళ్ళు పరీక్ష చేయిస్తే మురుగు కలిసిందని తేలింది. నేను వెళ్ళి ఆయన్ని ఏమనాలి? నేను చేసిందీ వాస్తే, ఆయన చేసిందీ వాస్తే. పాప కోలుకుంది కానీ, ఆ బోరు నీళ్ళు మళ్ళీ నోట పెట్టలేకపోయాం.

ఒక కాగితం తీసుకుని రెండు ప్లాట్లు పక్కపక్కన గీయండి. ప్రతి దాంట్లో ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో గుంత పెట్టండి. తూర్పు ప్లాటు గుంత, పడమటి ప్లాటు బోరు గోడకు చెరోవైపూ వచ్చి కూర్చుంటాయి. మన లేఅవుట్‌లోలాగా తూర్పు ముఖం ఇళ్ళు, పడమర ముఖం ఇళ్ళు వీపుకు వీపుగా ఉన్నా ఇదే వరస. తూర్పు ముఖం ఇంటి గుంత పడమర ముఖం ఇంటి బోరును తాకుతుంది. ఎకరం జాగాలో ఒక్క ఇల్లు కట్టుకునే వాళ్ళకు ఈ బాధ లేదు. 150 గజాల వాళ్ళకు, అంతకన్నా తక్కువ జాగా ఉన్నవాళ్ళకు తప్పదు.

మన నేల కింద ఉన్నది రాయి. నీళ్ళు వచ్చేది ఆ రాతి పగుళ్ళలోంచి. బోరుకు కేసింగు పైపు వేసేది పైనున్న మెత్తటి మట్టి వరకే. గుంతలోంచి ఊరిన మురుగు అదే పగులు పట్టుకుంటే కామెర్లు, టైఫాయిడ్ నేరుగా వంటింటి బిందెలోకి వస్తాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి మన పల్లపు కాలనీలు మునిగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. అలాంటప్పుడు బోరుకూ గుంతకూ తేడా ఉండదు.

ఇలా బోరూ గుంతా పక్కపక్కన పడటం వాస్తు శాస్త్రం తప్పు కాదు. మయమతం, మానసారం చదివిన పెద్దలను అడగండి. ఆ గ్రంథాల్లో ఇంటి గదులొక్కటే కాదు, ఊరు ఎలా వేయాలో, వీధులు ఎలా తీయాలో కూడా ఉంటుంది. మానసారం దండకం, నంద్యావర్తం, స్వస్తికం లాంటి ఎనిమిది రకాల ఊళ్ళను చెబుతుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తు అధ్యాయం ముగియగానే భూమిలో నీటిని కనిపెట్టే దకార్గళ అధ్యాయం పెట్టాడు. ఊరూ, ఇల్లూ, నీరూ ఒకే చదువుగా ఉన్న విద్యను మనం ముక్కలు చేసి, ఇంటి నాలుగు మూలలు మాత్రమే మిగుల్చుకున్నాం. పైగా ఆ రోజుల్లో సెప్టిక్ ట్యాంకు లేదు. దాన్ని వాయవ్యానికి కేటాయించింది ఈ కాలం వాళ్ళే. అప్పట్లో చాలా ఊళ్ళలో మంచినీళ్ళకు ఊరి బావి ఉండేది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఎవరూ సొంత బోరు వేయొద్దు. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం ఉంది. దాని ఈశాన్యంలో, ఏ ఇంటి గుంతకైనా అరవై అడుగులకు తగ్గకుండా ఎడంగా, అందరికీ కలిపి ఒక బోరు వేద్దాం, చాలకపోతే రెండు. రాతి నేలలో పక్కపక్కన ఇరవై బోర్లు వేస్తే ఒకదాని నీళ్ళు ఒకటి లాక్కుంటాయి, ఇరవై మంది డబ్బూ మట్టిలో పోతుంది. ఇంటింటికీ ఈశాన్యంలో సంపు కట్టుకుందాం. ఈశాన్యంలో నీరుండాలని వాస్తు అంటుంది, ఆ నీరు అక్కడే పాతాళంలోంచి రావాలని అనదు. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చినా చేరేది ఆ సంపులోకే. ఈశాన్యం పల్లంగా ఉంచుతాం కనుక వాననీరంతా అటే వస్తుంది. అందుకని సంపు మూత నేలకు జానెడు ఎత్తున ఉండాలి. ఈ చిన్న సంగతి మేస్త్రీకి మీరే చెప్పాలి, అడగనిదే వాళ్ళు చేయరు.

గుంత సంగతి. వాయవ్య మూల నుంచి ఉత్తర మధ్యానికి జరుపుదాం. మన సిద్ధాంతుల్లో చాలామంది దీనికి ఒప్పుకుంటారు, నేను కనుక్కున్నాను. అలా జరిపితే పక్కింటి సంపుకు పదిహేను నుంచి ఇరవై అడుగుల ఎడం వస్తుంది. అడుగున కాంక్రీటు వేసి, లోపల ప్లాస్టరింగు చేసిన ట్యాంకే కట్టాలి. నాలుగు రింగులు దింపి మూత పెట్టే పద్ధతి మన వీధిలో ఎవరూ చేయకూడదు. ఒక్క ఇల్లు చేసినా మిగతా అందరం చేసింది వృథా అవుతుంది.

ఇక ఇల్లు. తూర్పు ముఖం, 30 అడుగులు 45 అడుగుల ప్లాటు అనుకుందాం. ఉత్తరాన నాలుగున్నర, దక్షిణాన మూడున్నర, తూర్పున ఏడు, పడమర నాలుగు అడుగులు వదిలితే ఇంటికి 22 అడుగులు 34 అడుగులు మిగులుతుంది. ఖర్చు పెట్టే ముందు ఈ వదిలిన ఖాళీలు మునిసిపల్ నిబంధనకు సరిపోతున్నాయో లేదో ఇంజనీరును అడగండి. నైరుతిలో పడకగది, ఆగ్నేయంలో వంటిల్లు, వాయవ్యంలో చిన్న గది, స్నానాల గది, మిగిలిందంతా హాలు. సింహద్వారం తూర్పు ఈశాన్యం వైపు. మెట్లు ఈశాన్యంలో తప్ప ఎక్కడైనా. వానాకాలమంతా గాలి నైరుతి, పడమరల నుంచి వీస్తుంది కనుక ఆగ్నేయపు వంటింటి పొగ, పోపు ఘాటు హాల్లోకి రాకుండా బయటికి పోతాయి. దాని కిటికీ తూర్పుకు తెరుచుకోవాలి. అలమరాల కోసం ఆ కిటికీ మూసేస్తే, వంటిల్లు ఆగ్నేయంలో పెట్టిన ఫలం సగం పోయినట్టే. ఏ గదికైనా నేల వైశాల్యంలో పదో వంతుకు తగ్గకుండా కిటికీ ఉండాలని జాతీయ భవన నియమావళి పొడి ఎండ ప్రాంతాలకు చెప్పింది. పడకగదిలో అది తప్పక చూసుకోండి.

ఇంటి కొలతల్లో వాస్తు లెక్క అయిన ఆయం సరిపెట్టడానికి రెండంగుళాలు పెంచినా తగ్గించినా నష్టం లేదు. ధ్వజ, సింహ, వృషభ, గజాల్లో ఏది కుదిరినా సరే. కానీ అది కాగితం మీదే జరగాలి. సిద్ధాంతి, ఇంజనీరు, మేస్త్రీ ముగ్గురినీ ఒకే రోజు ఒకే చాప మీద కూర్చోబెట్టి, ముగ్గురి ముందూ ప్లాను ఖాయం చేసుకోండి. బేస్‌మెంట్ లేచాక మళ్ళీ ఎవరో వచ్చి వంటగట్టు పగలగొట్టమంటే పగలగొట్టకండి. అప్పు తెచ్చి కట్టిన గోడను అప్పు తెచ్చి పడగొట్టుకుని, వరండాలో పొయ్యి పెట్టుకున్న ఆడవాళ్ళను నేను చూశాను.

పార్కు స్థలం కార్పొరేషన్‌ది కనుక అక్కడ బోరుకు వాళ్ళు ఒప్పుకోవాలి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద కూడా అనుమతి తీసుకోవాలి. రెండు అర్జీలూ నేను రాసి తెస్తాను. అందరి సంతకాలుంటేనే అవి కదులుతాయి. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు నాలుగు పక్కల ఇళ్ళ గుంతలు, సంపులు కూడా అందులో చూపించాలని అధికారులను అడిగే మూడో అర్జీ కూడా ఇద్దాం. మన తర్వాత వచ్చే లేఅవుట్లకు అది పనికొస్తుంది.

వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకు పార్కు స్థలంలో వేపచెట్టు కింద కలుద్దాం. సిద్ధాంతిగారిని కూడా తీసుకురండి. దస్తావేజులోని ప్లాటు నకలు, ఉంటే ఇంటి ప్లాను తెచ్చుకోండి. పెద్ద లేఅవుట్ పటం నేను పరుస్తాను. ప్రతి ఇంటి సంపు నీలం పెన్సిలుతో, గుంత ఎర్ర పెన్సిలుతో ఎవరిది వాళ్ళే గుర్తు పెట్టాలి. ఆ పటం పూర్తయ్యేదాకా దయచేసి ఎవరూ ముగ్గు పోయకండి.

మీ తోటి ప్లాటుదారుడు