పైనుంచి చూస్తే పచ్చదనమే, హక్కులు కనిపించవు

గిలకలదిండి హార్బరు దాటితే తీరం వెంట మడ అడవి, బురద నేల, ఉప్పునీటి పాయలు అల్లుకుని ఉంటాయి. ఈ కృష్ణా డెల్టా పాయల్లో పీతలు, చేపలు పట్టుకుని బతికే యానాది కుటుంబాలున్నాయి. ఇదే నేలను పైనుంచి ఉపగ్రహాలూ చూస్తున్నాయి. వాటికి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో మనం తెలుసుకోవాలి. రేపు ఆ పటాలనే సాక్ష్యంగా మన ముందు పెట్టొచ్చు.

లెక్క చిన్నదే. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకే ఎన్‌డీవీఐ. దట్టమైన పచ్చదనమైతే 1 వైపు పోతుంది, నీళ్లయితే సున్నాకు దిగువన ఉంటుంది. వాతావరణం కోసం పంపిన అమెరికా నోవా ఉపగ్రహాల నుంచి 1981 మొదలుకుని ఈ లెక్క ఉంది. మన దేశంలో 1989లో కరువు అంచనాకు కూడా దీన్నే వాడడం మొదలుపెట్టారు. పైరు ఎండుతున్న సంగతి జిల్లాల వారీగా త్వరగా తెలియడం మంచిదే, కాదనం.

కానీ ఆ ఉపగ్రహానికి ఒక చుక్క అంటే దాదాపు 1.1 కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు. సుమారు 300 ఎకరాలు! అందులో పాయ, బురద, మడచెట్టు, గుడిసె అన్నీ కలిసి ఒకే అంకె. పోటు మీద నీళ్లెక్కితే అదే అడవి అంకె తగ్గుతుంది. సరుగుడు తోటైనా, సర్కారు తుమ్మైనా, వరిచేనైనా దానికి పచ్చగానే ఉంటుంది. తర్వాతొచ్చిన ఉపగ్రహాలు ఇంకా చిన్న చుక్కలు చూపిస్తాయి. అయినా ఆ పాయలో తరతరాలుగా ఎవరు వేటాడుతున్నారో ఏ చుక్కా చెప్పదు.

చట్టం ఈ సంగతి ముందే గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపల మీద కూడా సామూహిక హక్కు ఇచ్చింది. ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కావని 2012 సవరణ నిబంధనలు తేల్చిచెప్పాయి.

కాబట్టి పటం చూపించి మాట్లాడే అధికారిని మనం అడగాల్సినవి మూడే. ఇది ఏ తేదీది? అప్పుడు పోటా, పాటా? ఒక్కో చుక్క ఎంత నేల? జవాబు గ్రామసభలో, తెలుగులో చెప్పాలి. ఆ తర్వాత పాయలో దిగే పెద్దల మాట కూడా రాసుకోవాలి.