ఏడేళ్ల తర్వాత మళ్లీ ఫ్రెషర్‌నయ్యా!

‘అక్కా, ఆరేళ్లుగా ఒకే పని చేస్తున్నా. మారాలని ఉంది. కానీ ఈఎమ్ఐలు నెత్తిన పెట్టుకుని ఇప్పుడు ఎలా?’

ఈ కాలమ్ మొదలుపెట్టినప్పటి నుంచి అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. అందుకే ఈ వారం ఎవరి సక్సెస్ స్టోరీనో కాకుండా నా గొడవే చెప్పేస్తా.

హైదరాబాద్‌లో ఏడేళ్లు మాన్యువల్ టెస్టర్‌గా చేశా. డెవలపర్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ని అటు నొక్కి, ఇటు తిప్పి ‘ఇదిగో, ఇక్కడ తప్పుంది’ అని పట్టుకోవడం నా పని. మొదట్లో భలే సరదాగా ఉండేది. పాప పుట్టాక 26 వారాల మెటర్నిటీ లీవ్ పూర్తి చేసుకుని వెళ్లేసరికి సీన్ మారిపోయింది. సగం పని ఆటోమేషన్ చేసేస్తోంది. కొత్త ప్రాజెక్టులు వేరేవాళ్లకి వెళ్లాయి. నాకు మిగిలింది ప్రతి రిలీజ్‌కీ అవే 340 టెస్ట్ కేసులు, అదే ఎక్సెల్ షీట్.

‘చిన్న పాప ఉంది కదా, నీకు ఈజీగా ఉంటుందని ఇచ్చాం’ అన్నారు మేనేజర్. జాలిపడ్డారో, పక్కన పెట్టారో అర్థం కాలేదు. ఇంకో మూడేళ్లు ఇలాగే గడిస్తే నన్ను ఎవరు తీసుకుంటారు? ఆ రోజు మెట్రోలో ఇదే ఆలోచిస్తూ దిగాల్సిన స్టేషన్ దాటేశా.

అప్పుడే బ్రిటన్‌కి చెందిన స్టెఫనీ షర్లీ గురించి చదివా. 1962లో ఆరు పౌండ్లతో, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిందావిడ. సొంత పేరుతో ఉత్తరాలు రాస్తే జవాబులు రావట్లేదని ‘స్టీవ్’ అని సంతకం పెట్టింది. పిల్లల కోసం ఉద్యోగాలు మానేసిన ఆడవాళ్లకి ఇంటి నుంచే పని ఇచ్చింది. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది మహిళలే! కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ చేసింది కూడా వాళ్లే. ఆవిడంత సాహసం నా వల్ల కాదు. కానీ టీమ్ మారడం కూడా నా వల్ల కాదా అనిపించింది.

నాకు టెస్టింగ్‌లో బాగా నచ్చేది డేటాబేస్‌లోకి వెళ్లి ఎస్‌క్యూఎల్‌తో లెక్కలు సరిచూడటం. అందుకే డేటా ఇంజినీరింగ్ ఎంచుకున్నా. అదేం పనే అని అమ్మ అడిగితే ‘ట్యాంకులో నీళ్లు కుళాయిదాకా వచ్చేలా పైపులు వేస్తాం కదా, మేం డేటాకి అలా వేస్తాం’ అన్నా. ‘ఇంజినీరింగ్ చదివించింది ప్లంబింగ్ పనికా!’ అంది.

పాప లేచేలోపు, పొద్దున్నే ఐదు నుంచి ఆరున్నర దాకా చదివేదాన్ని. శని, ఆదివారాలు అమీర్‌పేటలో క్లాసులు. పైథాన్, తర్వాత స్పార్క్. మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ఒకచోటైతే ‘నైట్ కాల్స్ ఉంటే పాపని ఎవరు చూసుకుంటారు?’ అని అడిగారు. మా ఆయనదీ ఇదే ఫీల్డ్, ఆయన పాపకి నాన్నే. ఆయన్ని ఇంతవరకూ ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.

నాలుగోది వచ్చింది. అయితే చేతికొచ్చే జీతం 78 వేల నుంచి 62 వేలకి పడిపోతుంది. ‘కూర్చున్న కొమ్మనే నరుక్కుంటావా?’ అని అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. మా ఆయన మాత్రం ‘లెక్క చూపించు’ అన్నారు. సరే అని పాత నోట్‌బుక్ తీశా.

నెలకి 16 వేలు తక్కువ. అంటే ఏడాదికి 1,92,000. ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది. నెల బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. నా బేసిక్ 30 వేలు. ఏడేళ్లకి దాదాపు 1,21,000. మిగతా 71 వేలకి రెండేళ్లుగా కడుతున్న చిట్టీ ఉంది. పీఎఫ్ జోలికి పోలేదు, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నా. ఆఫీసువాళ్ల ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, ఇంట్లోవాళ్లకి విడిగా పాలసీ తీసుకున్నాకే రాజీనామా మెయిల్ పంపా. చెప్పొద్దూ, ఆ పేజీ రాశాక భయం సగానికి సగం తగ్గింది. అప్పటిదాకా భయపెట్టింది ‘ఏమవుతుందో’ అన్న మాట. ఇప్పుడు దానికో అంకె ఉంది.

అసలు కష్టం కొత్త ఆఫీసులో మొదలైంది. నాకు పని నేర్పాల్సిన అబ్బాయి వయసు 23. ‘మేడమ్, బ్రాంచ్ రీబేస్ చేశారా?’ అంటే తలూపేసి, వాష్‌రూమ్‌కి వెళ్లి ఫోన్‌లో వెతుక్కునేదాన్ని. రెండు వారాలు ఇలాగే నెట్టుకొచ్చా. మూడో వారం నేను చేసిన పొరపాటుకి టీమ్ మొత్తం రాత్రి తొమ్మిది దాకా కూర్చోవాల్సి వచ్చింది. మర్నాడు ఆ అబ్బాయి దగ్గరికెళ్లి ‘నాకు ఇది రాదు, ఒకసారి చూపిస్తావా?’ అన్నా. రాజీనామా రోజు కూడా నా గొంతు అంత వణకలేదు. అతను కుర్చీ లాక్కుని 20 నిమిషాల్లో చెప్పేశాడు.

నాలుగో నెలలో నా వంతు వచ్చింది. సేల్స్ రిపోర్ట్‌లో అమ్మకాలు అమాంతం పెరిగాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం టెస్టర్ బుద్ధి పోలేదు. రెండు టేబుల్స్ కలపకముందు ఎన్ని వరసలున్నాయి, కలిపాక ఎన్నున్నాయి అని లెక్కపెట్టా. పెరిగాయి! అడ్రస్ మారిన కస్టమర్ల పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి, దాంతో వాళ్ల ఆర్డర్లు కూడా డబుల్ అయ్యాయి. ఆ రిపోర్ట్ క్లయింట్‌కి వెళ్లకుండా ఆపాం. వృథా అనుకున్న ఏడేళ్లు ఆ రోజు పనికొచ్చాయి.

కాబట్టి చెల్లెమ్మా, రేపే రాజీనామా చెయ్యమని నేను చెప్పను. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా అస్సలు వద్దు. ఈ ఆదివారం ఒక నోట్‌బుక్ తియ్. ఎడమవైపు నీ భయాలన్నీ రాయి, కుడివైపు వాటి పక్కన అంకెలు వెయ్. అంకె వెయ్యలేనివి ఒకటో రెండో మిగులుతాయి. నాకు మిగిలింది ‘నాకన్నా చిన్నవాళ్లని అడగాలంటే సిగ్గు’.

అది మాత్రం అడిగితేనే పోయింది.