'వద్దు' బొమ్మ ఏదండీ?

మా అమ్మాయికి పదకొండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట రాదు. ఏడో ఏట ఒక శిక్షణ కేంద్రంలో తనకి మొదటి కమ్యూనికేషన్ బోర్డు ఇచ్చారు. పన్నెండు బొమ్మలు: అన్నం, నీళ్లు, బాత్రూమ్, ఆట, థాంక్యూ... 'వద్దు' బొమ్మ ఏదండీ అని అడిగాను. "ఇప్పుడే అదెందుకమ్మా, మొండితనం అలవాటవుతుంది" అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో విన్నదే. మాట వచ్చిన ఆడపిల్ల చేత 'వద్దు' అనడం మాన్పిస్తారు. మాట రాని పిల్లకి ఆ మాటే ఇవ్వరు.

మా పిల్లకి స్నానం, బట్టలు అన్నీ ఇతరుల చేతుల మీదే. రేపు నెలసరి వస్తే అదీ అంతే. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో, ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్పడానికి ఆ పన్నెండు బొమ్మల్లో ఏది పనికొస్తుంది? నీళ్లు అడగడం ఒక్కటేనా భాష? కాదనడం, ఎందుకని నిలదీయడం, ఫిర్యాదు చెయ్యడం భాష కాదా?

ఇంటికొచ్చి అట్టముక్క మీద నేనే గీశాను. వద్దు, ఆపు, నొప్పి, ఎందుకు, అబద్ధం. శరీర భాగాలన్నీ, ఏదీ దాచకుండా. రోజంతా నేను మాట్లాడుతూ ఆ బొమ్మలు చూపించేదాన్ని. వినకుండా ఏ పసిబిడ్డకీ మాట రాదు కదా, ఈ భాషా అంతే. తన చెయ్యి పట్టుకుని మాత్రం ఏ బొమ్మ మీదా పెట్టలేదు. పెడితే అది నా మాటవుతుంది. ఐదో నెలలో, తల దువ్వుతుంటే వేలు ఈడ్చుకుంటూ వెళ్లి 'ఆపు' మీద పెట్టింది. వెంటనే ఆపాను. ఆపకపోతే ఆ బొమ్మకి అర్థమేముంది?

"బొమ్మలకి అలవాటు పడితే ఇక మాటే రాదు" అని భయపెడతారు, అదీ తల్లినే. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అంతకు ముందరి పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి పెరిగింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం సంభాషణ నిర్వచనంలో ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులనీ చేర్చింది. చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి ఆప్‌లూ వచ్చాయి. కానీ యంత్రమైనా అట్టముక్కైనా, అందులో ఏ మాటలుండాలో నిర్ణయించేది పెద్దవాళ్లే. నా పోట్లాట అక్కడే.

ఇక మన సంగతి. 'గొంతులేని వారి గొంతుక' అని ముందుమాటల్లో రాసుకుంటాం. నేనూ రాశాను, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. వాళ్లకి మన గొంతు అక్కర్లేదు. మనకి కూడా 'వద్దు' అని చెప్పగల బోర్డు కావాలి.

ఈ వ్యాసం తనకి చదివి వినిపించాను. ఒకచోట 'వద్దు' మీద వేలు పెట్టింది. రెండు వాక్యాలు తీసేశాను. అవేమిటో మీకు చెప్పను.