విగ్రహానికి బదులు ఒక హాలు
గొప్పవాడు పోతే కూడలిలో విగ్రహం నిలబెట్టి, ఏడాదికోసారి దండ వేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఇంగ్లీషు డిజైనరు, రచయిత విలియం మోరిస్ పోయాక ఆయన కూతురు మే మోరిస్ ఆ దారి పట్టలేదు. ఇంగ్లండులో థేమ్స్ పక్కన, తండ్రి పాతికేళ్లపాటు మనసు పారేసుకున్న కెల్మ్‌స్కాట్ పల్లెలో ఆయన పేర ఊరందరికీ పనికొచ్చే హాలు కట్టించాలని పట్టుబట్టి చందాలు పోగుచేసింది. నమూనా గీసింది ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ గిమ్సన్. 1884లో లెస్టర్‌లో మోరిస్ ఉపన్యాసం విని, ఆయనిచ్చిన సిఫారసు ఉత్తరాలతోనే లండన్‌లో ఆర్కిటెక్టు దగ్గర పనికి కుదిరినవాడు. పాపం, 1919లోనే కన్నుమూశాడు. హాలు 1934కి గానీ పూర్తికాలేదు. నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షా వచ్చి ప్రారంభించాడు. స్థానిక సున్నపురాయి గోడలు, బాగా ఏటవాలుగా ఉన్న పైకప్పు, అంతే హంగు. కానీ అక్కడి కప్పు నేసే పద్ధతిని కాస్త ఆగి చూడాలి: రాతి పలకల్లో పెద్దవి చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి, నడికొప్పు దగ్గర మరీ బుల్లివి. గనిలో దొరికిన ఏ ముక్కా వృథా పోదు, వాననీరు ఎక్కువ పారే చోట అతుకులు తక్కువ. చేతిపనికి పట్టంకట్టిన, మోరిస్ స్ఫూర్తినిచ్చిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం మీద ఒక నింద ఉంది, అది నిజం కూడా: చేతిపనికి ఖర్చెక్కువ కాబట్టి ఆ అందమంతా డబ్బున్నవాళ్ల బంగళాలకే చేరింది. మోరిస్‌నే ఆ బాధ తొలిచింది. కళ అందరికీ అందాలన్న ఆయన సిద్ధాంతానికి న్యాయం చేసినవి ఆ బంగళాలు కావు, రైతుకూలీలు కూడా దర్జాగా అడుగుపెట్టగలిగిన ఇలాంటి ఊరి హాళ్లే.