చేతబడి ఎవరిది?

ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. అయినా మన విశాఖలో కూతురు ఇంకో అమ్మాయిని ప్రేమించిందంటే, కొడుకు ఇంకో అబ్బాయితో బతుకుతానంటే "ఎవరో చేతబడి చేశారు" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఏజెన్సీ పల్లెల్లో చిల్లంగి నెపంతో మనుషుల్ని చంపిన కేసులు మనకు తెలుసు. పట్నంలో పద్ధతి వేరు. తాయెత్తు కడతారు, గదిలో పెట్టి తాళం వేస్తారు, భూతవైద్యుణ్ణి పిలుస్తారు, చివరికి పెళ్ళి చేసేస్తారు. పరువు పేరుతో ఇంటిల్లిపాదీ నోరు మూసుకుంటారు.

చేతబడి అన్న మాట కుటుంబానికి ఎంత అనుకూలమో చూడండి. ప్రేమ అంటే అది పిల్ల నిర్ణయం. చేతబడి అంటే ఆమెకి నిర్ణయమే లేదు! అప్పుడు దెబ్బలు వైద్యమవుతాయి, నిర్బంధం రక్షణ అవుతుంది. ఇక కొడుకైతే, "పెళ్ళయితే కుదురుకుంటాడు" అని నిజం దాచి ఇంకో ఆడపిల్లని కోడలిగా తెస్తారు. ఆ ఇంటి రహస్యాన్ని ఆమె జన్మంతా మొయ్యాలి.

సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమ నేరం కాదంది. దాన్ని "మార్చే" చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. అంటే డాక్టరు జవాబు చెప్పుకోవాలి. మరి మంత్రగాడు? అతన్ని పిలిచిన తండ్రి?

2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకు ఒక యువతి వచ్చింది. తన సహచరిని తండ్రి నర్సీపట్నంలో నిర్బంధించాడన్నది ఆమె ఫిర్యాదు. తమకి నచ్చినట్టు కలిసి బతికే హక్కు ఆ ఇద్దరికీ ఉందని కోర్టు చెప్పింది. కోర్టు దాకా రాలేని వాళ్ళ మాటేమిటి?

"ఇది మన సమస్యా?" అని కొందరు అడుగుతున్నారు. 1992లో నెల్లూరు స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు, తాగొచ్చి కొట్టడం ఇంటి గొడవే అని మనం ఊరుకున్నామా? 2005 గృహహింస చట్టం భార్యలకే కాదు, కూతుళ్ళకీ వర్తిస్తుంది. ఇష్టంలేని పెళ్ళికి బలవంతపెట్టడం, ఇల్లు కదలనివ్వకపోవడం హింసేనని ఆ చట్టం కింద నింపే ఫిర్యాదు ఫారంలోనే రాసివుంది. ఆ ఫారం మన చేతుల్లోనే ఉంది.

కాబట్టి మన సహాయ కేంద్రానికి అలాంటి పిల్ల వస్తే "అమ్మానాన్నలతో రాజీపడమ్మా" అని వెనక్కి పంపొద్దు. ఫిర్యాదు రాయించండి, తలదాచుకునే చోటు చూపించండి. చేతబడి ఎవరూ చెయ్యలేదు. జరిగింది హింస. దాన్ని ఆ పేరుతోనే పిలుద్దాం.