చాదస్తం కాదు.. జబ్బు!

‘కోడలు అన్నం పెట్టడం లేదురా’ అని అమ్మ ఫోన్‌లో ఏడుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వెంటనే భార్యకు ఫోన్ చేసి కేకలేస్తాడు. ఆమె పెట్టింది, అత్త తిన్నది కూడా. తిన్న సంగతే గుర్తులేదు. చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతోంది.

దీన్ని మనం చాదస్తం అంటాం, వయసైపోయిందంటాం. కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. నిజానికి ఇది డిమెన్షియా కావచ్చు. అంటే మెదడు కణాలు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు. ఎక్కువ మందిలో దీనికి కారణం అల్జీమర్స్. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

ఈ అపోహ మన ఒక్కరిదే కాదు. 2024 ప్రపంచ అల్జీమర్స్ నివేదిక కోసం అడిగితే, సాధారణ ప్రజల్లో 80 శాతం మంది ఇది ముసలితనంలో మామూలే అన్నారు. అరబ్బీలో దీన్ని ‘ఖరఫ్’ అంటారు. ముసలితనంలో మతి తప్పడమనే అర్థం అందులోనూ ఉంది. జపాన్‌లో వాడిన పాత మాటకు తెలివితక్కువతనమనే అర్థం ఉండేది. రోగిని చులకన చేస్తోందని 2004లో అక్కడి ప్రభుత్వం ఆ పేరే మార్చేసింది.

పేరుతో ఏమొస్తుంది అనుకోవద్దు. జబ్బని తెలియకపోతే నింద చాకిరీ చేసే మనిషి మీద పడుతుంది. వస్తువు ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఎవరో దొంగిలించారనడం ఈ జబ్బులో తరచూ కనిపించే లక్షణం. ఊళ్లో ఆ మాట పడేది కోడలు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లలో ముసలివాళ్లను చూసుకునేవారూ ఉన్నారు. అక్కడ మాట పడేది వాళ్లే. దొంగతనం నింద పడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు దాకా వెళ్లొచ్చు. అందుకే పెద్దావిడ మరుపు ముదురుతోందని అనిపించిన రోజే ఇంటివాళ్ల చెవిన వేయడం మంచిది.

మతిమరుపంతా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ సమస్య వల్ల వచ్చే మరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది. డిమెన్షియాను పూర్తిగా నయం చేసే మందు లేకున్నా, ముందే తెలిస్తే ఇంటిల్లిపాదీ సిద్ధపడొచ్చు. ఇంటి దగ్గర సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

ఈసారి అమ్మ ఫిర్యాదు చేస్తే భార్య మీద కేకలు వేయకండి. ‘ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?’ అని అడగండి. డాక్టర్‌కు చూపించడానికి డబ్బు పంపండి.